చే అక్షరం నీటి వంతు

శుక్రవారం ఉదయం ఫౌస్తో తిపాన్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. పదింటిలోగా ప్రోగ్రాం బిల్డ్ పాత్ సర్దడం, పదకొండింటికి పుకాపంబ ఊరి నీటి వంతుల జాబితా పంపడం, పన్నెండు కొట్టేలోగా సంత వీధిలో నిలువునా కాల్చిన పంది దగ్గరికి చేరడం. పన్నెండు దాటితే కరకరలాడే చర్మమంతా అయిపోయి ఉత్త మాంసం మిగులుతుంది. మూడింటిలోనూ కష్టమైనది మూడోదేనని అతను అనుకున్నాడు.

అతని ఆఫీసు సల్సేదో పట్నంలో ఒక ఐస్‌క్రీం దుకాణం మేడమీద రెండు గదులు. యజమానురాలు ఇంజినీరు పియెదాద్. కొండ ఊళ్లలో ఎవరి పొలానికి ఏ రోజు ఏ గంటకు కాలువ నీళ్లు వదలాలో లెక్కగట్టే ప్రోగ్రాం ఆమెది. తొమ్మిది ఊళ్ల నీటి సంఘాలు దాన్ని వాడుతున్నాయి. పదో సంఘాన్ని ఒప్పించడానికి ఆమె గురువారమే రియోబాంబ వెళ్లింది. మళ్లీ వచ్చే శుక్రవారానికి గాని రాదు. వెళ్తూ ఒక్క మాట చెప్పింది.

"ఫౌస్తితో, నేనొచ్చేదాకా సర్దుకుంటావో, తుడుచుకుంటావో నీ ఇష్టం. దేన్నీ పగలగొట్టకు."

సర్దుకోవడం అన్న మాట ఫౌస్తోకు పండగ. ఇంట్లో బంగాళాదుంపల్ని సైజు వారీగా పేర్చినందుకు అతని భార్య వంటగదిలోకి రానివ్వడం మానేసి రెండేళ్లయింది. ఆఫీసులో ఆ అడ్డు లేదు.

జావా అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసేవాడు అన్నీ తనే రాసుకోడు. తేదీలు లెక్కపెట్టే ముక్క ఒకరు ఎప్పుడో రాసి ఉంటారు, కాగితం మీద అచ్చువేసే ముక్క ఇంకొకరు రాసి ఉంటారు. అలాంటి తయారు సరుకు జార్ అనే మూటల్లో దొరుకుతుంది. ఏయే మూటల్ని ఏ వరసలో విప్పి చూడాలో చెప్పే పట్టీయే బిల్డ్ పాత్. ఒకే పేరున్న ముక్క రెండు మూటల్లో ఉంటే పట్టీలో పైనున్న మూటదే చెల్లుతుంది. కిందున్నది ఉన్నా లేనట్టే.

పియెదాద్ గారి ప్రోగ్రాంలో అరవై మూడు మూటలున్నాయి. కొన్ని ఎవరూ వాడనివి. కొన్ని మూడేసి సార్లు ఉన్నాయి, పాతది, కొత్తది, కొత్తదానికి భయపడి ఉంచుకున్న పాతది. ఫౌస్తో వాటిలో పంతొమ్మిదింటిని ఏరిపారేశాడు. మిగిలిన నలభై నాలుగూ చిందరవందరగా ఉన్నాయి. అన్నిటికంటే పైన 'జెడ్-జెడ్-ముట్టొద్దు' అనే మూట ఒకటి కూచుని ఉంది. పేరు జెడ్‌తో మొదలవుతుంది, కూచున్నదేమో మొదటి స్థానంలో. ఫౌస్తో ఒళ్లు జలదరించింది. అయినా అతను మాట వినే మనిషి. ముట్టొద్దన్నారు కాబట్టి మూట విప్పలేదు. మిగతావాటితో పాటు అక్షరాల వరసలో పెట్టాడంతే. అది వెళ్లి అట్టడుగున, జెడ్ ఉండాల్సిన చోట కుదురుకుంది.

తర్వాత పరీక్షలు నడిపించాడు. రెండువందల పన్నెండు పరీక్షలూ పచ్చగా వెలిగాయి. ఆ పరీక్షల్లో రైతుల పేర్లన్నీ పెరెస్, గోమెస్, లోపెస్. పుకాపంబలో ఆ ఇంటిపేర్లున్నవాడు ఒక్కడూ లేడు.

పదకొండింటికి జాబితా పంపాడు. ప్రోగ్రాం తెరుచుకోవడానికి ముందు నిమిషం పట్టేది, ఇప్పుడు నాలుగు సెకన్లలో తెరుచుకుంది. పదకొండూ నలభైకి పంది చర్మం కరకరలాడుతూ పంటికింద పడింది. అంత సంతృప్తిగా అతను ఈ మధ్యకాలంలో భోంచేయలేదు.

పుకాపంబలో డెబ్బై రెండు కుటుంబాలు. సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, కుటుంబానికి ఒక గంట చొప్పున ఇంటిపేర్ల వరసలో నీళ్లు వదులుతారు. నీటి సంఘం అధ్యక్షురాలు సోయిలా కునలాతా, మర్యాదకు దోన్యా సోయిలా. నెల కిందటి ఎన్నికలో మూడు ఓట్ల తేడాతో సెగుందో చిలుయిసాను ఓడించింది. ఆమె ఉల్లికాడలు పండిస్తుంది, అతను బంగాళాదుంప వేస్తాడు. ఆమె పెద్దకొడుక్కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి అతనే. అందుకని ఎంత కోపంలో ఉన్నా ఆమెను అతను కొమాద్రే అనాలి, అతన్ని ఆమె కొంపాద్రే అనాలి. జాబితా రాగానే సోయిలా ఎప్పటిలాగే కళ్లద్దాలు లేకుండా సంతకం పెట్టి సంఘం తలుపుకు అంటించింది. జాబితా చదవాల్సిన అవసరం ఆమెకెన్నడూ రాలేదు. వాళ్ల తాత కాలం నుంచీ కునలాతాల గంట మంగళవారం ఎనిమిది.

ఆదివారం పూజ అయ్యాక సెగుందో ఆ తలుపు దగ్గర ఆగి చదివాడు. మళ్లీ చదివాడు. అతని వంతు పుట్టినప్పటినుంచీ మంగళవారం సాయంత్రం ఐదు. కొండచాటుకు ఎండపోయి వేళ్లు కొంకర్లు తిరిగే వేళ. ఇప్పుడు మంగళవారం పొద్దున ఎనిమిది అని ఉంది, కింద సోయిలా సంతకం ఉంది. ఆమె తనకు మంచి చేసే మనిషి కాదు కనుక చేసినవాడు సల్సేదోలోని ఇంజినీరే అయి ఉండాలని తేల్చుకున్నాడు. సోమవారం సల్సేదో వెళ్తూ తన పొలం దుంపలు ఒక బస్తా భుజానేసుకుని మేడ ఎక్కాడు.

"మీరు చేసింది నేను మరిచిపోను ఇంజినీరు గారూ," అన్నాడు బస్తా దించి.

ప్రోగ్రాం నాలుగు సెకన్లలో తెరుచుకుంటున్న సంగతి అంత త్వరగా కొండమీదికి పాకిందా అని ఫౌస్తో పొంగిపోయాడు. "నా పని నేను చేశాను దోన్ సెగుందో. లోపల చాలా చెత్త పేరుకుపోయింది. తీసేశాను."

"చెత్తేనండీ. నెల నుంచీ మేమూ అదే అంటున్నాం."

"అర్హత లేనిది వెళ్లి అందరికంటే పైన కూచుంది. దాన్ని కిందికి దించాను."

సెగుందో టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. "మీలాంటి చదువుకున్నవాళ్లు ఇంత ధైర్యంగా మాట్లాడగా నేను వినలేదు," అని దిగి వెళ్లిపోయాడు. బస్తా మీద నీలిరంగుతో అరచేతంత అక్షరాల్లో 'ఎస్. చిలుయిసా' అని రాసి ఉంది. ఫౌస్తో దాన్ని గోడకు సమాంతరంగా సర్దిపెట్టాడు.

మంగళవారం ఎనిమిదికి సోయిలా పార భుజాన పెట్టుకుని కాలువ గట్టుకొచ్చేసరికి సెగుందో ముందే వచ్చి మడవ తీశాడు. నీళ్లు జలజలా అతని దుంప సాళ్లలోకి పోతున్నాయి.

"కొంపాద్రే, తెల్లారే తాగావా? ఇది నా గంట."

"తాగలేదు కొమాద్రే. చదివాను. మంగళవారం, ఎనిమిది, సెగుందో చిలుయిసా. నీకు చదివి పెట్టమంటావా?"

"మా తాత కాలం నుంచి ఈ గంట కునలాతాలది."

"దీనిమీద మీ తాత సంతకం లేదు. నీదుంది." జేబులోంచి మడత కాగితం తీసి చూపించాడు. జాబితా అంటించిన తలుపును అతను ఫోటో తీసి, సల్సేదోలో అచ్చు వేయించి తెచ్చుకున్నాడు.

సోయిలా కళ్లద్దాలు పెట్టుకుని తన సంతకాన్ని చూసింది. సంతకం బాగానే ఉంది. దానిపైన ఉన్నదే బాగాలేదు. తన పేరు బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు పోయింది. చాంగోలుయిసాలు, చికైసాలు, చిలుయిసాలు, చ శబ్దంతో మొదలయ్యే పదిహేడు కుటుంబాలు, ఓటు వేయమంటే తనకు వేయని పదిహేడు కుటుంబాలు, తనకంటే ముందుకొచ్చేశాయి.

పాలబండి ఎక్కి పదింటికల్లా ఆమె ఐస్‌క్రీం దుకాణం మేడమీద ఉంది. ఫౌస్తో కుర్చీ చూపించాడు. కూచుంది. కూచోగానే ఎదుటి గోడవారగా ఉన్న బస్తా కనపడింది.

"ఇది ఎవరిచ్చారు బాబూ?"

"దోన్ సెగుందో ఇచ్చారండీ. ప్రోగ్రాం బాగా పనిచేస్తోందని."

"ఎవరికి బాగా పనిచేస్తోందో కనపడుతూనే ఉంది." కాగితం బల్లమీద పరిచింది. "నన్నెందుకు బుధవారానికి తోశావు?"

"నేను కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు దోన్యా సోయిలా."

"అక్షరం మార్చకుండానే ఒకటిన్నర రోజు వెనక్కి తోశావు. మారిస్తే వచ్చే ఏడాదికి తోసేవాడివా?"

"లోపల కొన్ని మూటలుంటాయండీ. వాటిని అక్షరాల వరసలో పెట్టాను, అంతే."

"మూటల్ని వరసలో పెట్టావు సరే. మమ్మల్నెందుకు వరసలోంచి తీశావు?"

ఫౌస్తో కాగితం మీదికి వంగి చూశాడు. కైసా, చాంగోలుయిసా, చిలుయిసా, కోచా, కునలాతా. తెలుగులో అయితే క వేరు, చ వేరు. అక్కడి స్పానిష్‌లో రెండూ 'సి' అనే అక్షరంతోనే మొదలవుతాయి. చ పలకాలంటే సి పక్కన హెచ్ రాస్తారు. సి, ఏ. సి, హెచ్. సి, ఓ. సి, యు. అతనికి ముప్పయ్యేళ్లు, బడిలో నేర్చుకున్న వరస ఇదే. ఎటు చూసినా తప్పు లేదు. అప్పుడతనికి ఒక నిజం తట్టింది. తట్టినదాన్ని తట్టినట్టే ఊరుకోకుండా పైకి అన్నాడు.

"అసలు ఇదే సరైన వరసండీ. ఇన్నాళ్లూ ఉన్నదే తప్పేమో."

సోయిలా బస్తా వైపు చూసి, అతని వైపు చూసి, ఫోను తీసింది. గంట తిరక్కుండా కునలాతాలు, కోచాలు, ఆ వైపు తొమ్మిది కుటుంబాలవాళ్లు పారలతో సహా లారీలో దిగి ఐస్‌క్రీం దుకాణం ముందు నిలబడ్డారు. దుకాణం ఆవిడ వాళ్లను విహారయాత్రకు వచ్చినవాళ్లనుకుని, పుల్ల ఐసులు ఇరవై రెండు కట్టించి పెట్టింది. వాళ్లు కూడా వద్దనలేదు.

ఫౌస్తో రెండో గదిలోకి వెళ్లి పియెదాద్‌కు ఫోను చేశాడు.

"పగలగొట్టావా?" అంది ఆమె, హలో కంటే ముందు.

"లేదండీ. బాగుపడింది."

"అది ఇంకా ప్రమాదం. పాత పట్టీ కాపీ తీసి పెట్టెయ్."

"చెత్తబుట్టలో వేశానండీ."

"బుట్టలోంచి తియ్."

"ఖాళీ చేశానండీ."

"ఎందుకు?"

"చెత్త ఉందని."

"విను ఫౌస్తో," అంది ఆమె. ఫౌస్తితో అనే ముద్దుపేరు నుంచి ఫౌస్తోకు దిగడం మంచి సూచన కాదు. "పుకాపంబ పోతే ఆ కాలువ మీద ఉన్న ఊళ్లన్నీ పోతాయి. అవి పోతే కింద దుకాణంలో మనిద్దరం ఐసులకు పుల్లలు గుచ్చుకుంటూ కూచోవాలి. పేర్లను వరసబెట్టే మూట, లైబ్రరీ అంటారే, అది ఏదో ఉంది చూడు, దాని తాజా వెర్షన్ తెచ్చి పెట్టు. తాజాది అన్నీ సరిచేస్తుంది."

పాత లైబ్రరీ తీశాడు. మూడువందల పద్దెనిమిది తప్పులు ఎర్రగా పడ్డాయి. తాజాది తెచ్చాడు. అది ఒంటరిగా వచ్చే రకం కాదు, ఇంకో రెండు కావాలంది. ఆ రెండూ వచ్చి చెరొకదాన్ని అడిగాయి. వచ్చినవాటిలో ఒకటి ఇంట్లో ముందునుంచీ ఉన్నదానితో పడదని మొండికేసింది. పెళ్లికి పిలిచిన ఒక్క మేనమామ తన వాళ్లందర్నీ వెంటబెట్టుకొచ్చినట్టుంది వ్యవహారం. వెనక సోయిలా నిలబడి ఐసు చప్పరిస్తూ తెర మీదికి చూస్తోంది. చివరికి వరసబెట్టే లైబ్రరీ మొత్తాన్నే పక్కకు తోసేసి, జావా తనంతట తనకు తోచినట్టు పోల్చుకునేలా చేస్తే ఎరుపు పోయింది.

"అయిందా?" అంది సోయిలా.

"అయినట్టే. ఒకసారి చూసుకుని..."

"చూసుకోడం మేం చూసుకుంటాం. పంపు."

పంపాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కునలాతాలు బుధవారం ఒంటిగంట దగ్గర కదలకుండా ఉన్నారు. కదిలినవాళ్లు న్యకాతోలు. వాళ్ల ఇంటిపేరు మన ఞ లాంటి అక్షరంతో మొదలవుతుంది, నెత్తిన చిన్న అల ఉంటుంది. లైబ్రరీ సాయం లేకపోతే జావాకు ఆ అల అర్థం కాదు, తీసుకెళ్లి జెడ్ తర్వాత పారేస్తుంది. గురువారం మధ్యాహ్నం నీళ్లు పెట్టుకునే ముగ్గురు న్యకాతో అన్నదమ్ములు శనివారం ఆఖరి గంటల్లోకి పోయారు. సాయంత్రం నాలుగింటికి ఆ ముగ్గురూ మేడ ఎక్కారు. వాళ్లు ఎక్కువ మాట్లాడే మనుషులు కారు. పెద్దవాడు ఒకటే అడిగాడు.

"మేం ఏ ఎన్నికలో ఎవర్ని ఓడించామని?"

బుధవారం పొద్దున ఫోనులో పియెదాద్ గొంతు నెమ్మదిగా ఉంది. ఫౌస్తోకు అరుపే నయమనిపించింది. "ఎరిబెర్తో గారి దగ్గరికి వెళ్లు. ఆ ప్రోగ్రాం మొదట రాసినాయన. ఊరి చివర గినీ పందులు పెంచుకుంటున్నాడు. కాళ్లు పట్టుకుంటావో గడ్డి కోసిపెడతావో నీ ఇష్టం. నాలుగింటికి పుకాపంబలో సభ పెట్టారట. దానికి నువ్వు వెళ్తున్నావు."

ఎరిబెర్తోకు డెబ్బై రెండేళ్లు. వచ్చినతన్ని కూచోమనకుండా గడ్డి మోపు చేతిలో పెట్టి, పందుల గూళ్ల వెంట నడిపిస్తూ కథంతా విన్నాడు.

"పైనున్న మూట పేరేంటి?"

"జెడ్-జెడ్-ముట్టొద్దు."

"స్పానిష్‌లోనేగా రాశాను?"

"అవునండీ."

"మరి?"

"ముట్టుకోలేదండీ. జరిపానంతే."

ముసలాయన ఇంకో మూడు గూళ్లకు గడ్డి వేశాడు. నాలుగో గూడు దగ్గర ఆగాడు. "నేను బడిలో చదివినప్పుడు ఆ, బే, సే, చే. సి, హెచ్ కలిస్తే చే. అది రెండక్షరాల జంట కాదు, ఒకటే అక్షరం. నిఘంటువులో సి అంతా అయ్యాక చేకు వేరే పేజీలు ఉండేవి. అందుకే సి కుటుంబాలన్నీ అయ్యాక చే కుటుంబాలు. తర్వాత మాడ్రిడ్‌లో పండితులు కూచుని, వరసలో చే అనేదే లేదు, ఇకనుంచి సి లోపలే సర్దుకోవాలి అన్నారు. లైబ్రరీలు రాసేవాళ్లు వాళ్ల మాట విన్నారు. పుకాపంబకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నీళ్ల దగ్గర పారలుంటాయి కదా నాయనా. పాత వరస తెలిసిన ముక్క సొంతంగా రాసి, లైబ్రరీలో ఉన్న పేరే దానికీ పెట్టి, పట్టీలో అన్నిటికంటే పైన కూచోబెట్టాను. పైదాని మాటే చెల్లుతుంది, గొడవ లేదు."

"మరి పేరు ముందు ఆ జెడ్‌లు ఎందుకండీ?"

"ఫోల్డర్‌లో అట్టడుగున పడి ఉంటే ఎవరి కంటా పడదని. ఎవడో ఒకడు పట్టీ మొత్తాన్ని అక్షరాల వరసలో పెడతాడని నాకెలా తెలుస్తుంది? అలాంటి మనిషిని నేనింతవరకూ చూడలేదు."

మూటను తిరిగి పైకి జరపడానికి రెండు నొక్కులు చాలు. ఫౌస్తో ఆఫీసుకొచ్చి మొదట మంగళవారం తెచ్చుకున్న చుట్టాలందర్నీ సాగనంపి, తర్వాత ఆ రెండు నొక్కులూ నొక్కాడు. పాత జాబితా ప్రాణం పోసుకుంది. కునలాతా మంగళవారం ఎనిమిది, చిలుయిసా మంగళవారం ఐదు, న్యకాతోలు గురువారం మధ్యాహ్నం. ఆ కాగితం జేబులో పెట్టుకుని, లంచం నింద వదిలించుకోడానికి బస్తా కూడా భుజానికెత్తుకుని పుకాపంబ బస్సు ఎక్కాడు.

సంఘం ఇంటి హాల్లో కుడివైపు కునలాతాలు, కోచాలు, ఎడమవైపు చిలుయిసాల వైపువాళ్లు, గోడకు ఆనుకుని న్యకాతో అన్నదమ్ములు, వెనక బెంచీల మీద మిగతా ఊరు. బల్ల వెనక సోయిలా, కాళ్లకు ఇంకా పొలం బురద. ఫౌస్తో ముందుగా బస్తాను సెగుందో కాళ్ల దగ్గర దించాడు.

"ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు ఇంజినీరు గారూ," అన్నాడు సెగుందో, కాలితో అతని వైపు నెట్టి.

"నేను తీసుకోకూడదండీ." ఇతను మళ్లీ అటు నెట్టాడు.

బస్తా నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాక సోయిలా విసుక్కుంది. "వెనక పొయ్యి ఉంది. ఉడకబెట్టండి. అందరం తిన్నాక లంచం ఎవరు తిన్నారో ఎవరూ అడగరు."

దుంపలు ఉడుకుతుండగా ఫౌస్తో నిలబడి చెప్పాడు. మూటల సంగతి చెప్పాడు, పైది కిందికి జరిగిన సంగతి చెప్పాడు, తప్పు తనదేనన్నాడు, ఎవరూ ఎవరికీ ఏమీ చేయలేదన్నాడు. అక్కడితో ఆపి కూచుంటే సరిపోయేది. నిజాయితీ పొంగిపొర్లి, మాడ్రిడ్ సంగతి కూడా చెప్పాడు.

సెగుందో నెమ్మదిగా లేచాడు.

"మా అక్షరం తీసేశారా?"

"తీసేయడం కాదండీ. సి లోపల కలిపారు."

"మమ్మల్ని అడిగారా?"

"మిమ్మల్నే కాదండీ, ఎవర్నీ..."

"అంటే నిన్న నాకు ఎనిమిది గంటలకు నీళ్లొచ్చింది న్యాయం చేసి కాదు. అక్షరం లాక్కుని, బదులుగా గంట చేతిలో పెట్టారు." అతను తన వాళ్ల వైపు తిరిగాడు. "మా అయ్య చిలుయిసా, మా తాత చిలుయిసా. ఇద్దరూ సాయంత్రం ఐదింటికి, వేళ్లు చచ్చుబడిపోతుంటే నీళ్లు పెట్టారు. ఎందుకు పెట్టారు? మనదొక అక్షరం, దాని వంతు అప్పుడొస్తుంది కాబట్టి పెట్టారు. నాకీ ఎనిమిది గంటలు వద్దు. నా అక్షరం నాకివ్వండి, నా ఐదు గంటలు నాకివ్వండి."

ఎడమవైపు పదిహేడు కుటుంబాలూ చప్పట్లు కొట్టాయి. ఫౌస్తోకు ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి పాత జాబితా తీసి, "ఇదిగోనండీ, అలాగే ఉంది, అధ్యక్షురాలు గారు సంతకం పెడితే చాలు," అని బల్లమీద పెట్టాడు.

సోయిలా కళ్లద్దాలు పెట్టుకుంది. ఈసారి మొత్తం చదివింది. చదివి కలం పక్కన పెట్టేసింది.

"దీన్నెవరు అడిగారు?"

"మీరే కదండీ."

"నిన్న అడిగాను. ఇవాళ ఒంటిగంటకు నీళ్లు పెట్టాను. మూడింటికి కాడ పట్టుకుని లాగితే మొదలంటా ఊడొచ్చింది, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు. రేపు గురువారం సంత. ఇరవై ఏళ్లుగా మంగళవారం తడిపి, బుధవారం సాయంత్రానికి గట్టిపడ్డ నేలలో గునపం పెట్టి కుళ్లగించి, సగం కాడలు తెంపుకుని సంతకు పోతున్నాను. బుధవారం ఒంటిగంట ఎక్కడికీ పోదు."

కోచాలు అవునన్నారు. ఆ తొమ్మిది కుటుంబాలూ ఉల్లికాడలవాళ్లే, అందరిదీ గురువారం సంతే.

"అయితే నా అక్షరం?" అన్నాడు సెగుందో.

"నీ అక్షరం కోసం నా ఉల్లి పాడుచేసుకోవాలా కొంపాద్రే?"

"నీ ఉల్లి కోసం మా తాత పేరు పాడుచేసుకోవాలా కొమాద్రే?"

నిన్నటిదాకా పాత జాబితా కోసం పారలు తీసినవాళ్లు ఇవాళ కొత్తదాని కోసం తీశారు. కొత్తదానికి దుంపల బస్తా మోసినవాడు పాతదాని కోసం గొంతు చించుకున్నాడు. మధ్యలో ఫౌస్తో రెండు జాబితాలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. న్యకాతోల పెద్దవాడు ఉడికిన దుంప ఒకటి తెచ్చి అతని నోటికి అందించాడు. అతని చేతులు ఖాళీ లేవు మరి.

ఆ దుంప నములుతూ ఫౌస్తో మొదటిసారి కోడ్ సంగతి కాకుండా మనుషుల సంగతి ఆలోచించాడు. ఆవిడకు కావాల్సింది పదిహేడు కుటుంబాల తర్వాత రావడం. ఈయనకు కావాల్సింది సొంత అక్షరం. కాగితం వెనక్కి తిప్పి గంటలు వేసి చూశాడు. రెండోసారి వేసి చూశాడు.

"ఒక మాట చెప్పనా," అన్నాడు. ఎవరూ వినలేదు. దుంపల గిన్నె మూత తీసి గరిటెతో కొట్టాడు. "చే సొంత అక్షరంగానే ఉంటుంది. కానీ సి తర్వాత కాదు. సి కంటే ముందు."

"అలా ఎక్కడైనా ఉందా?" అంది సోయిలా.

"ఎక్కడా లేదండీ. ఏ దేశంలోనూ లేదు. కానీ అలా పెడితే మీ గంట బుధవారం ఒంటిగంటే. దోన్ సెగుందోకు మంగళవారం పొద్దున ఏడు. అక్షరం ఆయనదే. పైగా సి కంటే ముందు నడుస్తుంది."

సెగుందో టోపీ నెత్తిన సర్దుకున్నాడు. "సి కంటే ముందు," అని ఒకసారి తనలో తను అనుకున్నాడు. "ఏడంటే చలిగానే ఉంటుందిలే," అన్నాడు చివరికి. ఎండలో నీళ్లు పెట్టుకోవడం అతనికి ఇంకా తప్పుగానే తోస్తున్నట్టుంది.

చేతులెత్తమన్నారు. డెబ్బై ఒక్క చేతులు లేచాయి. వద్దన్న చెయ్యి ఒకటే, వెనక బెంచీ మీద ఎవాంహెలిస్తా కైసాది. పుకాపంబలో సి పక్కన ఏ ఉన్న ఇంటిపేరు వాళ్లదొక్కటే. సోమవారం పదకొండు నుంచి మంగళవారం నాలుగుకు పోతున్నానని అతను చెప్పబోయాడు గాని, అప్పటికే అందరూ దుంపల మీద ఉల్లికాడలు తుంచి వేసుకుంటున్నారు. సోయిలా వాటిని పొలం నుంచి అప్పుడే తెచ్చింది. అవి బాగున్నాయని మొదట అన్నవాడు సెగుందోయే.

గురువారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూచుని ఫౌస్తో కొత్త మూట తయారు చేశాడు. ఆ, బే, చే, సే. ఆ వరస తెలిసిన లైబ్రరీ భూమ్మీద అదొక్కటే. పట్టీలో అన్నిటికంటే పైన పెట్టాడు. మిగతా వరసను చూడకుండా ఉండటానికి తెరను కొంచెం పక్కకు తిప్పుకున్నాడు.

శుక్రవారం పియెదాద్ వచ్చి సంచి కూడా దించకుండా అడిగింది. "చివరికి ఏం మార్చావు?"

"బిల్డ్ పాత్ పెద్దగా ఏమీ మార్చలేదండీ. అక్షరమాల మార్చాను."

ఆమె కుర్చీలో కూచుని కింద నుంచి రెండు ఐసులు తెప్పించింది. పుకాపంబ మనతోనే ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాడు. ఇలాంటి వరస ఇంకెవరూ చేసివ్వలేరు కనుక ఇక పోవడం వాళ్లవల్ల కూడా కాదన్నాడు.

సోమవారం పదకొండింటికి పుకాపంబలో నీళ్లు చే వైపు మళ్లాయి. ఆ గంటకు పొలంలో పనిలేని ఎవాంహెలిస్తా కైసా సల్సేదోలో జనన మరణాల రిజిస్ట్రీ వరసలో నిలబడి, ఇంటిపేరులో సి పక్కన ఒక హెచ్ చేర్చుకోవాలంటే ఏయే కాగితాలు తేవాలో అడుగుతున్నాడు.